కుర్చీ అక్కర్లేని కూర్చోవడం

బట్టల దుకాణం వెనక మెట్ల దగ్గర
వానలు మొదలైన వారం

తమ్ముడూ,

నువ్వు దొంగవి. చచ్చిపోయిన మనిషి నోట్లోంచి మాట దొంగిలించి అమ్ముకున్నావు. ఆ మనిషి మన అమ్మ.

ఉత్తరం క్షేమ సమాచారాలతో మొదలుపెట్టాలని నాకూ తెలుసు. ఈసారి ఓపిక లేదు. ఫోను చేసి అడగొచ్చు కదా అంటావు. ఫోనులో నీ గొంతు వింటే నా కోపం కరిగిపోతుంది. కరిగించడమే నీ వృత్తి. కాగితం మీద నువ్వు నన్ను బుజ్జగించలేవు. అందుకే రాస్తున్నాను. నువ్వూ రాసే జవాబివ్వు.

మేం వచ్చే పోయే వెనక గుమ్మం పక్కన, మా సంచులు తనిఖీ చేసే బల్లకి ఎదురుగా, ఈ ఉదయం నిలువెత్తు పోస్టరు అంటించారు. నువ్వు పనిచేసే ఆ ఉపన్యాసాలాయన, మీ దార్శనికుడు, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఎక్కడో దూరంగా చూస్తున్నాడు. దూరదృష్టి కదా. దూరదృష్టి ఉన్నవాళ్లకి దగ్గరవి ఆనవని మా కంటి డాక్టరు చెప్పింది. కింద పెద్ద అక్షరాల్లో "కూర్చో" అని ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో "నీలో నువ్వు కూర్చోవడానికి కుర్చీ అక్కర్లేదు. ఇది మా అమ్మ నాకు నేర్పిన ఒకే ఒక్క మాట."

ఎవరి అమ్మ?

మా సంగతి నీకు తెలియదనుకోను. కస్టమరు లేనప్పుడు కౌంటరు వెనక కూర్చోవడానికి స్టూళ్లు కావాలని యూనియన్ తరఫున అర్జీ పెట్టి నెలలయింది. దాని మీద సంతకం చేసిన కార్యదర్శిని నేనే. ఆ అర్జీకి జవాబుగా వచ్చింది ఈ పోస్టరు. అన్ని బ్రాంచీల్లోనూ మాకు ఆయన చేత శిక్షణ ఇప్పిస్తారట. ఒక స్టూలు కొనడం కన్నా, స్టూలు మీద మనసు పోవడమే నీ జబ్బు అని చెప్పే మనిషిని కొనడం వాళ్లకి సుఖంగా ఉంది. మీ కోచింగ్ అంటే ఇంతేగా. లేనివాడికి లేకపోవడం నేర్పడం, ఉన్నవాడి దగ్గర ఫీజు తీసుకోవడం.

నువ్వు మరిచిపోయి ఉంటావు కాబట్టి చెబుతున్నాను. అమ్మ చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగ్ బల్ల దగ్గర పనిచేసేది. కుట్టు పూర్తయిన చొక్కాల్లో వదిలేసిన దారాలు, తప్పిన బొత్తాలు పట్టుకోవడం ఆమె పని. కూర్చుంటే చేతులు నెమ్మదిస్తాయని కొత్త సూపర్‌వైజరు స్టూళ్లన్నీ ఎత్తించేశాడు. కొన్నాళ్లు ఎవరూ నోరెత్తలేదు. ఒకరోజు భోజనాల గంట ఇంకా కొట్టలేదు. అమ్మ చేతిలో చొక్కా మడిచి పక్కన పెట్టి, బల్ల చివరిదాకా వినబడేలా, కోపం అనేది లేకుండా, "కూర్చుందాం" అంది. అని తను ముందు నేల మీద కూర్చుంది. ఆమెకి క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి నేను బయట కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. కిటికీలో కనబడుతున్న తలలు ఒక్కొక్కటే మాయమైపోయాయి. చివరికి కిటికీలో సూపర్‌వైజరు తల ఒక్కటే మిగిలింది. స్టూళ్లు తిరిగి రావడానికి చాలా రోజులు పట్టింది. కానీ వచ్చాయి.

ఇప్పుడు మా సంగతి విను. మా ఫ్లోర్లో ఆనుకోవడం కూడా తప్పే. రాక్‌కి భుజం ఆనితే కెమెరాలో చూసి మైకులో పిలుస్తారు. మేం కూర్చునేది ఒక్క చోటే. ట్రయల్ రూములో కస్టమర్ల కోసం గోడకి చిన్న బల్ల ఉంటుంది. "పిన్ను పడిపోయింది, వెతికొస్తా" అని లోపలికి వెళ్లి, గడియ పెట్టుకుని, కాసేపు కూర్చుని వస్తాం. ఒకరు వచ్చాక ఇంకొకరికి పిన్ను పడిపోతుంది. మాలో ఎవరికైనా నడుం పట్టేస్తే "ఇవాళ నాకు చాలా పిన్నులు పడిపోయేలా ఉన్నాయి" అంటుంది. మా దుకాణంలో దొరికినన్ని పిన్నులు ఏ సూదుల కంపెనీలోనూ ఉండవు. అలా బతుకుతున్న వాళ్ల కళ్ల ముందు "కుర్చీ అక్కర్లేదు" అని రాసి పెట్టారు, అమ్మ పేరు చెప్పి.

జవాబు రాయి.

అక్క


హోటల్ గది, శిబిరం మధ్యలో

అక్కా,

నువ్వు ఉత్తరం రాసినా కరపత్రంలాగే ఉంటుంది. పిన్నుల దగ్గరకొచ్చేసరికి నవ్వాను. నవ్వినందుకు కూడా తిడతావేమో.

ముందు నీ కాలి సంగతి. బావ ఫోను చేశాడు. నీ మడమ పైన నరాలు ఉబ్బి పుండు పడిందని, కట్టు కట్టుకుని పనికి వెళ్తున్నావని చెప్పాడు. నాకు అన్ని పేజీలు రాశావు, అందులో నీ కాలు ఎక్కడా లేదు. నన్ను దొంగ అనడానికి చోటు దొరికింది, అది చెప్పడానికి దొరకలేదా?

ఇక దొంగతనం సంగతి. ఆయన మాటలు నేను సర్దుతాను, అంతే. ఆయన మాట్లాడతాడు, నేను రాసుకుంటాను, పోస్టర్లకీ పుస్తకాలకీ పనికొచ్చేలా కుదిస్తాను. నా ఉద్యోగం ప్రచారం. నేను పత్రిక మూతపడ్డ తరవాత ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగానో నీకు తెలుసు. నన్ను లోపలికి రమ్మన్నది ఈ ఒక్క మనిషే. నువ్వు అనుకున్నంత మోసగాడు కాదు. ఆయన ముందు మనుషులు ఏడవడం నేను చూశాను. భార్య పోయిన ఒక బ్యాంకు ఉద్యోగి, ఏడాదిగా ఎవరితోనూ మాట్లాడనివాడు, శిబిరంలో అందరి ముందూ ఆమె గురించి చెప్పాడు. అది అబద్ధం ఎలా అవుతుంది? ఆయన గదిలో ఒకే ఒక్క కుర్చీ ఉంటుంది, తెలుసా. సోఫాలు లేవు, బీరువాలు లేవు. ఆడంబరం గిట్టని మనిషి. దాని మీద నేను ఒక వ్యాసం కూడా రాశాను, పంపుతాను.

అమ్మ విషయంలో నువ్వొక్కదానివే సాక్షివి కాదు. ఆ కిటికీ దగ్గర నేను లేను, అప్పటికి నాకు లాగు వేసుకోవడం కూడా సరిగ్గా రాదు. నేను విన్న "కూర్చుందాం" వేరు. సాయంత్రం వచ్చి, చెప్పులు విడిచి, చేతిసంచీ తీసి పక్కన కూడా పెట్టకుండా, వంటగది గుమ్మంలో దిగబడి "రా నాన్నా, కాసేపు కూర్చుందాం" అనేది. ఏం మాట్లాడేది కాదు. నా తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకునేది. నా జన్మలో అంతకన్నా ప్రశాంతమైన చోటు ఇంకోటి దొరకలేదు. ఆ గుమ్మంలో కుర్చీ లేదక్కా. ఆ మాట నీకెంతో నాకూ అంతే. నాది నేను వాడుకుంటే దొంగతనం ఎలా అవుతుంది?

పోస్టరు సంగతి ఆఫీసుకి ఫోను చేసి మాట్లాడాను. "కూర్చో" అని మనుషుల్ని ఆజ్ఞాపించినట్టు ఉంది, అది మాత్రం తప్పే. మార్పిస్తాను.

కాలికి విశ్రాంతి ఇవ్వు.

తమ్ముడు


ఇంట్లో, కాలు దిండు మీద పెట్టుకుని

తమ్ముడూ,

కాలి గురించి అడిగావు. కాలు ఉంది.

మార్పించావు. చూశాను. "కూర్చో" పీకేసి "కూర్చుందాం" అని అంటించారు. నువ్వు మంచి చేశాననే అనుకుని ఉంటావు, అందుకని గట్టిగా తిట్టలేకపోతున్నాను. కానీ ముందుదే నయం. అందులో కనీసం నిజం ఉంది. వాడు చెప్పేవాడు, నేను వినేదాన్ని.

"మేము", "మనం" రెండూ ఉన్న భాష మనది. మేము అంటే నువ్వు లేవు. మనం అంటే నువ్వూ ఉన్నావు. బడి ముఖం చూడనివాళ్లకి కూడా ఈ తేడా తెలుసు. "కూర్చుందాం" అన్న మనిషి ఆ మాటలో తనూ ఉండాలి. అమ్మ ఆ మాట అని ముందు తను కూర్చుంది. ఉద్యోగం పోతే అందరికన్నా ముందు తనది పోయేలాగ కూర్చుంది. మీ దార్శనికుడు మాలో ఎవరి పక్కన కూర్చున్నాడు? యజమానులకి ఈ మధ్య "మనం" అంటే మహా ఇష్టం. మనం ఒక కుటుంబం, మనం కష్టపడాలి, మనం సర్దుకోవాలి. లాభం దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాళ్లకి "మేము" గుర్తొస్తుంది. ఆ "మనం" తయారుచేసి ఇచ్చే కార్ఖానా మీది. అందులో నువ్వు చేసేది కూడా చెకింగ్ పనే, మన అమ్మ చేసినట్టు. కాకపోతే ఆమె వేలాడే దారాలు కత్తిరించేది, నువ్వు కనబడకుండా లోపలికి మడుస్తున్నావు.

శిక్షణ కూడా అయింది. పై అంతస్తు గోడౌనులో పెట్టెలు పక్కకి జరిపి, దుకాణం తెరిచే ముందు మమ్మల్నందర్నీ వరసల్లో నిలబెట్టారు. ఆయన కాలర్ మైకు పెట్టుకుని వచ్చాడు. గొంతు బాగుంది, ఒప్పుకుంటాను. కళ్లు మూసుకోమన్నాడు. మీకు ఇష్టమైన కుర్చీని మనసులో చూడండి అన్నాడు.

పిల్లల బట్టల కౌంటరులో ఒకావిడ ఉంది. నోరు ఆగదు కాబట్టి మేం రేడియో అంటాం. ఆవిడ కళ్లు మూసుకునే చెయ్యెత్తింది.

"సార్, కుర్చీ కనబడింది. కానీ అందులో ఎవరో ఉన్నారు."

"చాలా మంచిది. ఎవరమ్మా?"

"మేనేజరు గారండీ."

గోడౌనంతా నవ్వింది. ఆయనా నవ్వాడు, అలవాటైన మనిషి కదా. "చూశారా, దీన్నే అంతర్గత ఆటంకం అంటారు. మనసులోనే ఆయన్ని మర్యాదగా లేవమనండి" అన్నాడు.

"చెప్పానండీ. వినడం లేదు."

మళ్లీ నవ్వులు. నేను కళ్లు తెరిచి వెనక్కి చూశాను. గోడవారన మేనేజరు నిజంగానే కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ఆ గదిలో ఉన్న ఒకే కుర్చీ అది. ఊహలో కూడా లేవలేదు పాపం.

నవ్వాక ఏం మిగిలిందో అది కూడా విను. ఆ తరగతి జరిగినంతసేపూ నిలబడ్డాం. తరవాత కిందికి దిగి రోజంతా నిలబడ్డాం. సాయంత్రం రేడియో చెప్పులు చేత్తో పట్టుకుని బస్సెక్కింది.

నువ్వు అమ్మ గుమ్మంలో కూర్చోవడం గురించి రాశావు. అది చదివి ఏడ్చాను, నీకు తెలియాలి. కానీ నువ్వు ఒక్కటి ఎప్పుడూ అడగలేదు. చేతిసంచీ కూడా దించలేకుండా గుమ్మంలోనే ఎందుకు దిగబడేది? లోపలికి రావడానికి కాళ్లు ఎందుకు రాలేదు? నీకు దొరికిన ప్రశాంతత ఆమె నీరసం రా. ఆమె నీ తల మీద చెయ్యి పెట్టింది ప్రేమతోనే, కాదనను. బరువు కూడా నీ మీదే ఆనింది.

ఒక్క విషయం సూటిగా చెప్పు. "సర్దుతాను అంతే" అన్నావు. "కుర్చీ అక్కర్లేదు" అన్న వాక్యం ఎవరిది?

అక్క


బస్సులో, ఒళ్లో అట్ట పెట్టుకుని

అక్కా,

నాది.

అక్షరాలు వంకర పోతున్నాయి, రోడ్డు బాగాలేదు. ఆ వాక్యం నాది. దాని ముందుదీ, వెనకదీ నావే. మొదటి పుస్తకం నుంచీ నావే. ఆయన బాగా చదువుకున్నవాళ్ల ఇంట్లో, ఏ లోటూ లేకుండా పెరిగాడు. మొదట్లో ఒక రోజు కారులో "నా జీవితంలో కథ లేదయ్యా, జనానికి కథ కావాలి" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు మొహం చూస్తే జాలేసింది. ఎందుకో తెలీదు, అమ్మ గురించి చెప్పాను. ఆయన కారు పక్కకి ఆపించి విన్నాడు. అమ్మ గురించి అంత శ్రద్ధగా అడిగినవాళ్లు నాకు ఎవరూ లేరు. తరవాతి సభలో ఆయన "మా అమ్మ" అన్నాడు. నేను వెనక నిలబడి ఉన్నాను. కాదని చెప్పొచ్చు. జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. మన అమ్మకి చప్పట్లు కొడుతున్నట్టే అనిపించింది. నేను కూడా కొట్టాను.

ఇప్పుడు నా మాట నాకు అంత అబద్ధంగా అనిపించదక్కా. రాసి రాసి నేనే నమ్మాను. తెల్లారి లేచి, ఇవాళ నాలో నేను కూర్చుందాం అనుకుని కళ్లు మూసుకుంటాను. కొంచెం పని చేస్తుంది కూడా. అలసిపోయిన మనిషికి ఏదైనా కొంచెం పని చేస్తుంది.

కానీ నీ ఉత్తరం నన్ను ఊరికే ఉండనివ్వలేదు. మొన్న మీ కంపెనీ మేనేజర్ల శిబిరం జరిగింది. ఆయన ప్రసంగంలో మీ గురించి చేర్చాను. చేర్చి తీరాలని పట్టుబట్టాను. పిన్నులు వెతికే ఆడవాళ్ల గురించి. ఒక దుకాణంలో, నిలబడి నిలబడి కాళ్లు పోతున్న ఆడవాళ్లు, పడిపోని పిన్నులు వెతుక్కుంటూ ట్రయల్ రూములో కాసేపు ఎలా దాక్కుంటారో. నీ పేరు లేదు, మీ బ్రాంచి పేరు లేదు. ఆయన చాలా బాగా చెప్పాడు. మేనేజర్లు ఫోన్లు పక్కన పెట్టి విన్నారు. ముందు వరసలో ఒకాయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. వాళ్లకి మీ కష్టం మొదటిసారి కనబడింది అక్కా. అర్జీలు చెయ్యలేనిది ఒక్కోసారి కథ చేస్తుంది. చూస్తూ ఉండు.

తమ్ముడు


దుకాణం, మూసే ముందు

తమ్ముడూ,

కనబడింది.

ట్రయల్ రూముల్లో బల్లలు పీకేశారు. గోడకి మేకుల గుర్తులు మిగిలాయి. తలుపులు కింద నుంచి మోకాలి దాకా కోయించారు, లోపల ఎన్ని కాళ్లు ఉన్నాయో, అవి నిలబడి ఉన్నాయో లేదో బయటికి తెలియడానికి. కస్టమర్లు కూడా బట్టలు మార్చుకోవడానికి జంకుతున్నారు. మేనేజరు మమ్మల్ని పిలిచి మీ దార్శనికుడి వీడియో వేశాడు. ఆ గొంతు వణుకుతూ "పిన్నులు" అన్నప్పుడు రేడియో నా వైపు చూసింది. అందరూ చూశారు. మా మధ్య తప్ప ఆ మాట బయట ఎవరికీ తెలియదు.

మరునాడు రేడియో బల్ల లేని గదిలో నేల మీద కూర్చుంది. కోసిన తలుపు కింద చీలమండలు కాక ఒళ్లు కనబడింది. మెమో ఇచ్చారు. ఇంకోసారి అయితే రానక్కర్లేదన్నారు. ఆమె ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే.

ఎవరు చెప్పారని నన్ను ఎవరూ అడగలేదు. అడక్కపోవడమే నేను ఓర్చుకోలేకపోయాను. బస్ స్టాపులో నేనే చెప్పాను, మా తమ్ముడికి రాశాను, వాడు ఆయన దగ్గర ప్రచారం రాస్తాడు అని. కార్యదర్శి పని ఇంకెవరికైనా ఇవ్వమన్నాను. తిడతారనుకున్నాను. తిట్టే ఓపిక కూడా ఎవరికీ మిగల్లేదు. రేడియో అంది:

"మీ తమ్ముడు బాగా రాస్తాడు కదా?"

"రాస్తాడు."

"వీడియో చూస్తుంటే నాకే నా మీద జాలేసింది. అంత బాగా రాస్తాడు. మరి వాళ్లకి రాసి పెడుతున్నాడు కదా, మనకి ఒకటి రాయమను."

"సిగ్గు లేకుండా వాణ్ని ఎలా అడగను?"

"సిగ్గు సంగతి వాళ్లది వాళ్లు చూసుకుంటారులే. నువ్వు అడుగు."

అందుకని అడుగుతున్నాను. నాకు నువ్వు క్షమాపణలు రాయకు, ఆ పేజీలు నేను చదవను. తగ్గింపు ధరల వారం రాబోతోంది. ఆ వారం మేం లేకపోతే దుకాణం నడవదు, వాళ్లకీ తెలుసు. అది మొదలయ్యే రోజు పొద్దున మళ్లీ అర్జీ ఇస్తాం. ఈసారి విన్నపం కాదు, కోరికలు. నేను రాస్తే కరపత్రం అవుతుందని నువ్వే అన్నావు. అందులో చరిత్ర ఉంటుంది, పెట్టుబడి ఉంటుంది, మా మేనేజరు రెండో వాక్యం దగ్గర పక్కన పడేస్తాడు. చిన్నగా, చదవకుండా తప్పించుకోలేనట్టు రాయి. ఎవరికీ ఏడుపు రాకూడదు. చప్పట్లు కొట్టాలనిపించకూడదు.

కాలు అడగకముందే చెబుతున్నాను. డాక్టరు ఇక నిలబడొద్దంది. నిలబడకుండా చేసే పని దుకాణంలో లేదు. అదీ సంగతి.

అక్క


ఆఫీసు, మెట్ల మలుపు దగ్గర

అక్కా,

నువ్వు వద్దన్నది రాయను.

నీ ఉత్తరం పట్టుకుని ఆయన గదికి వెళ్లాను. బల్లలు మళ్లీ వేయించమని మీ కంపెనీకి ఒక్క ఫోను చేయమన్నాను. మీరు చెబితే వింటారు, మీ నోటితో చెప్పిన కథ వల్లే పోయాయి అన్నాను.

"నేను పరిష్కారాలు ఇవ్వను. చూపు ఇస్తాను. ఈ వాక్యం నువ్వే రాశావు కదా" అన్నాడు.

"రాశాను. తప్పు రాశాను."

"నువ్వు అలసిపోయావు. కాసేపు కూర్చో."

ప్రేమగానే అన్నాడు. నేను అలవాటుగా చుట్టూ చూశాను. ఆ గదిలో ఉన్నది ఒకే ఒక్క కుర్చీ, అందులో ఆయన ఉన్నాడు. ఇన్నేళ్లలో నేను ఆ గదిలో పుస్తకాలు రాసుకున్నాను, చదివి వినిపించాను, పొగడ్తలు విన్నాను. అన్నీ నిలబడే. ఆ గది మీద వ్యాసం రాశానని నీకు గొప్పగా చెప్పాను చూడు, అందులో "ఒకే కుర్చీ" అని రాసిన చేతికి, రెండో మనిషి ఎక్కడ కూర్చుంటాడో తట్టలేదు. రెండో మనిషిని నేనే.

"ఎక్కడండీ?" అన్నాను.

"ఏమిటి?"

"ఎక్కడ కూర్చోమంటారు?"

నేను కవిత్వం చెబుతున్నాననుకుని నవ్వాడు. "ఇది బాగుంది, రాసి పెట్టు" అన్నాడు. అప్పుడు ఆయన మీద కోపం కూడా రాలేదు. మోసం చేస్తున్నాడనీ అనిపించలేదు. నిజంగానే ఆయనకి కనబడటం లేదు. నీ కంటి డాక్టరు సరిగ్గానే చెప్పింది.

బయటికి వచ్చి ఈ మెట్ల మీద కూర్చున్నాను. ఉద్యోగం వదిలేశానని గొప్పగా రాయాలని ఉంది, కానీ ఇంకా ఏమీ చెప్పలేదు. పిల్లల ఫీజులున్నాయి, మీ మరదలికి ఇంకా చెప్పలేదు. తరవాతి పుస్తకం మాత్రం రాయనని చెప్పాను. ఆ తరవాత ఉంచుకుంటారో లేదో వాళ్ల ఇష్టం.

కోరికలు రాయడానికి కూర్చుంటే చాలా కష్టమైంది. చెయ్యి దానంతటదే "అలసిన పాదాల మౌనం" అని రాస్తుంది. కొట్టేశాను. "నిలబడటమే జీవితమైన" అని వచ్చింది. అదీ కొట్టేశాను. ఏ వాక్యం అందంగా ఉంటే దాన్ని కొట్టేస్తూ పోయాను. చివరికి చాలా తక్కువ మిగిలింది. మొదట "మనకు" అని రాశాను. నేను ఆ కౌంటరు వెనక నిలబడటం లేదు, నాకు ఆ మాట చెల్లదు. అలాగని "వారికి" అంటే పైనుంచి జాలిపడినట్టు ఉంది. అందుకని "మాకు" అని రాశాను, మీ నోటితో. అందులో నేను లేనని తెలిసే రాశాను. ఆ మాట వాడటానికి ఒప్పుకుంటారో లేదో రేడియో గారిని అడుగు.

ఎక్కడైనా నా గొంతు వినబడితే కొట్టేయండి.

తమ్ముడు


బావ షెడ్డు, పాత టైర్ల మీద కూర్చుని

తమ్ముడూ,

మీ బావ బస్సు కింద పడుకుని సుత్తితో ఏదో బాదుతున్నాడు, మేమంతా ఇక్కడే కలిశాం. నువ్వు పంపింది చదివి వినిపించాను. ఎవరూ ఏడవలేదు. రేడియో "ఇది రాసింది ఆ మనిషేనా, నమ్మను" అంది. నీకు ఇంతకన్నా మెచ్చుకోలు మా దగ్గర లేదు.

రేడియో గారట. ఆ "గారు" విని టైర్ల మీంచి జారిపోయింది.

కొన్ని మార్చాం. నువ్వు "సముచితమైన ఆసనం" అని ఒక చోట వదిలేశావు, అది పీకేసి స్టూలు అని పెట్టాం. పోస్టరు గురించి నువ్వు రాయలేదు, రాయడానికి మొహం చెల్లలేదేమో. అది రేడియో చెప్పింది, నేను రాశాను. చివరిది మాత్రం నీదే. నువ్వు కోరికల్లో పెట్టలేదు, నీ ఉత్తరంలో ఉంది. ఆ గది సంగతి అందరికీ చదివి, అక్కణ్నుంచి తీసుకున్నాం. నిన్ను అడక్కుండానే. ఇది నీ దగ్గర నేర్చుకున్నదే.

నన్ను కార్యదర్శిగా ఉండమన్నారు. ఇష్టపడి కాదు, ఇంకెవరికీ తీరిక లేక. రేపు పొద్దున తలుపులు తెరవగానే ఈ కాగితం మేనేజరుకి ఇస్తాం. చదవకుండా బల్ల మీద పడేస్తే, బయట కస్టమర్లు గుంపుగా ఉండగానే నేను ఆ మాట అనాలి. అమ్మకి అది అంత మామూలుగా ఎలా వచ్చిందో నాకు అర్థం కావడం లేదు. ఇవాళ పొద్దుట్నుంచి లోపల అనుకుని చూస్తున్నాను. ప్రతిసారీ గొంతులో కోపం వస్తోంది. ఆమె గొంతులో అది లేదు. బహుశా ఆమెకి కూర్చోవాలని ఉంది, అంతే. నాకు కూడా అంతే, తమ్ముడూ. వాదించి వాదించి విసుగొచ్చింది. ఈ కాలితో నేల మీద కూర్చుంటే మళ్లీ లేవగలనో లేదో తెలీదు. రేడియో లేపుతానంది.

నువ్వు రావాలని లేదు. వస్తే గుంపులో ఎక్కడైనా నిలబడు. నిలబడటం ఎలా ఉంటుందో చూస్తావు.

కాగితం నకలు కింద పెడుతున్నాను.

అక్క

మా కోరికలు

1. ప్రతి కౌంటరు వెనకా వీపు ఆనే స్టూలు వేయాలి.

2. కస్టమరు లేనప్పుడు కూర్చున్నందుకు, ఆనుకున్నందుకు ఎవరినీ మైకులో పిలవకూడదు, మెమో ఇవ్వకూడదు.

3. పిల్లల బట్టల కౌంటరు ఉద్యోగికి ఇచ్చిన మెమో రద్దు చేయాలి.

4. ట్రయల్ రూముల్లో బల్లలు తిరిగి వేయాలి. తలుపులు కిందిదాకా ఉండాలి.

5. నిలబడలేని ఉద్యోగికి కూర్చుని చేసే పని ఇవ్వాలి. పని మాన్పించకూడదు.

6. వెనక గుమ్మం దగ్గరి పోస్టరు తీసేయాలి. ఆ మాట మాది.

7. వీటి గురించి మాట్లాడటానికి మమ్మల్ని పిలిచే గదిలో మాకు కూడా కుర్చీలు వేయాలి.